కాలికి 30 శాతం వైకల్యమని రాశారు. మగ్గం గుంటలోకి దిగలేని నేతగాడికి నష్టం కూడా అంతేనా?

పడుగుపేక (ప్రశ్న)

పెద్దలందరికీ నమస్కారం. మాది యాదాద్రి భువనగిరి జిల్లాలోని చేనేత కుటుంబం. మా అన్నయ్య గుంట మగ్గం మీద ఇక్కత్ పట్టుచీరలు నేసేవాడు. ఏడాదిన్నర క్రితం మాస్టర్ వీవర్ (నూలు ఇచ్చి మజూరీకి నేయించుకునే ఆసామి) దగ్గర నూలు తీసుకుని మోపెడ్ మీద ఇంటికి వస్తుండగా, సరుకుల వ్యాన్ ఒకటి వెనుక నుంచి వచ్చి ఢీకొట్టింది. కుడి మోకాలి కింద, కీలుకు ఆనుకుని ఉన్న ఎముక విరిగితే ఆపరేషన్ చేసి ప్లేటు, స్క్రూలు వేశారు. ఎముక అతుక్కుంది గానీ మోకాలు సరిగా ముడుచుకోవడం లేదు. కుర్చీలో కూర్చున్నా ఆ కాలు ముందుకు చాపుకోవలసిందే. నేల మీద కూర్చోలేడు, గుంటలోకి దిగలేడు, ఇద్దరం పట్టుకుని దింపినా కాసేపటికి మించి మగ్గం కింది చెక్కలు తొక్కలేకపోతున్నాడు.

మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో గడువులోగానే ఓపీ (పరిహారం కోరే పిటిషన్) వేశాము. 15 లక్షలు కోరాము. మెడికల్ బోర్డు ఇచ్చిన ధ్రువపత్రంలో "కుడి కాలికి 30 శాతం శాశ్వత పాక్షిక వైకల్యం" అని రాశారు. బీమా కంపెనీ తరఫు వకీలు చెప్పేదేమిటంటే, కాలికి 30 శాతమంటే మొత్తం శరీరానికి లెక్కగడితే 12 శాతానికి మించదట, పైగా నేత చేతులతో చేసే పని గనుక కాలి దెబ్బతో సంపాదన పోయిందనడం చెల్లదట. రాబోయే లోక్ అదాలత్‌లో అన్నీ కలిపి 4 లక్షలకు రాజీ పడదామంటున్నారు. ఇంట్లో అప్పుల ఒత్తిడి ఉంది కాబట్టి వదిన "ఇచ్చింది తీసుకుందాం" అంటోంది. బంధువులేమో, ఎవరినైనా పట్టుకుని ధ్రువపత్రంలో శాతాన్ని 40 దాటిస్తే ఇటు పింఛనూ వస్తుంది, అటు కేసూ బలపడుతుందని సలహా ఇస్తున్నారు.

ఇంకో రెండు చిక్కులున్నాయి. అన్నయ్య ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంది. దాని ప్రకారం ప్రమాదం నాటికి అతనికి 41 ఏళ్లు. బడిలో రాయించిన తేదీ ప్రకారమైతే 39 మాత్రమే. రెండోది, మజూరీ ఎప్పుడూ నగదుగానే ముట్టేది. ఖర్చులు పోను నెలకు 15 వేల దాకా మిగిలేదని మాకు తెలుసు గానీ కాగితం మీద ఏమీ లేదు. ఈ పరిస్థితిలో 4 లక్షలు తీసుకోవడం మంచిదా, కేసు నడపడం మంచిదా? ఆ శాతం లెక్క అసలు ఎలా ఉంటుందో తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

ఓపీ వకీలు

మీ ప్రశ్నలో రెండు వేర్వేరు శాతాలు కలిసిపోయాయి. బీమా కంపెనీ వాదన అంతా ఆ కలగాపులగం మీదే నడుస్తోంది కాబట్టి ముందు వాటిని విడదీసి చూడాలి. ఒకటి, శరీరానికి లేదా ఒక అవయవానికి ఎంత వైకల్యం కలిగిందన్నది. దీనిని వైద్యుడు చెబుతాడు. రెండోది, ఆ వైకల్యం వల్ల ఆ మనిషి సంపాదనా సామర్థ్యం ఎంత పోయిందన్నది. దీనిని వైద్యుడు చెప్పడు, చెప్పినా దానికి ట్రిబ్యునల్ కట్టుబడనక్కరలేదు. సాక్ష్యాన్ని బట్టి ట్రిబ్యునల్ స్వయంగా నిర్ణయించాలి. రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2010లో ఈ తేడాను చాలా స్పష్టంగా చెప్పింది. ఎడమ చెయ్యి పోయిన డ్రైవరుకో వడ్రంగికో సంపాదన దాదాపు పూర్తిగా పోవచ్చు, అదే చెయ్యి పోయిన గుమస్తా తన ఉద్యోగంలో కొనసాగవచ్చు అని ఆ తీర్పులోనే ఉదాహరణ ఉంది. అంటే ఒకే గాయానికి ఇద్దరు మనుషుల విషయంలో వచ్చే నష్టం ఒకటి కాదు.

ఆ తీర్పు ట్రిబ్యునల్‌ను మూడు మెట్లలో ఆలోచించమంది. గాయపడిన మనిషి ఏయే పనులు ఇప్పటికీ చేయగలడు, ఏవి చేయలేడు అన్నది మొదట చూడాలి. ప్రమాదానికి ముందు అతని వృత్తి ఏమిటి, ఆ పని స్వభావం ఎలాంటిది, అతని వయసెంత అన్నది తర్వాత చూడాలి. చివరగా, అతను ఏ పనీ చేసుకోలేని స్థితిలో ఉన్నాడా, పాత పనినే చేయగలడా, లేక తక్కువ ఆదాయం వచ్చే వేరే పని ఏదైనా చేసుకుని బతకగలడా అన్నది తేల్చాలి. మీ అన్నయ్య విషయంలో రెండో మెట్టు దగ్గరే కేసు గెలవడమో ఓడడమో జరుగుతుంది. "నేత చేతిపని" అన్న మాట గుంట మగ్గాన్ని దగ్గరగా చూడని వారికి నిజమనిపిస్తుంది. జడ్జి గారు కూడా చూసి ఉండకపోవచ్చు కదా. చెక్క తొక్కితేనే పడుగు రెండుగా విడుతుందనీ, ఆ సందులోంచే పేక నూలును మోసే నాడె వెళ్తుందనీ, ప్రతి పేక పోగుకూ ఒక తొక్కుడు పడాలనీ సాక్ష్యంగా రికార్డులోకి ఎక్కాలి. మగ్గం ఫొటోలు, వేరే నేతగాడు పనిచేస్తుండగా తీసిన చిన్న వీడియో దాఖలు చేయండి. వీడియో పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఇవ్వవలసిన ధ్రువపత్రాన్ని జతచేయడం మరవకండి.

ఇక లెక్క. వయసును బట్టి వాడే మల్టిప్లయర్ (ఏడాది ఆదాయాన్ని గుణించే అంకె) పట్టికను సరళా వర్మ కేసులో 2009లో ఖరారు చేశారు. 36 నుంచి 40 ఏళ్ల వారికి 15, 41 నుంచి 45 ఏళ్ల వారికి 14. స్వయం ఉపాధిలో ఉన్నవారి ఆదాయానికి, భవిష్యత్తులో పెరిగే అవకాశం కింద 40 ఏళ్ల లోపు వారికి 40 శాతం, 40 నుంచి 50 మధ్య వారికి 25 శాతం కలపాలని ప్రణయ్ సేఠీ కేసులో 2017లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. అది మరణాల కేసు. శాశ్వత వైకల్యం కలిగిన గాయాల కేసుల్లోనూ ఈ పెంపు వర్తిస్తుందని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మరణాల కేసుల్లో సొంత ఖర్చుల కింద కోసే మూడో వంతో నాలుగో వంతో గాయాల కేసులో కోయరు, ఎందుకంటే ఇక్కడ మనిషి బతికి ఉన్నాడు, అతని తిండీ బట్టా అతనికి కావాలి.

నెలకు 15,000 రూపాయలు, వయసు 39 అనుకుందాం. 40 శాతం కలిపితే 21,000. ఏడాదికి 2,52,000. దానిని 15తో గుణిస్తే 37,80,000. సంపాదనా నష్టం 12 శాతమైతే 4,53,600 వస్తుంది, 50 శాతమని ట్రిబ్యునల్ నమ్మితే 18,90,000 వస్తుంది. ఇప్పుడు అవతలివారి 4 లక్షలు ఎలా పుట్టి ఉంటాయో చూడండి. ఆదాయం 10,000, పెంపు ఏమీ లేదు, వయసు 41, నష్టం 12 శాతం అనుకుంటే 2,01,600 వస్తుంది. దానికి మందుల బిల్లులు, నొప్పి బాధలకు కొంత కలిపితే మీకు చెప్పిన అంకెకు దగ్గరవుతుంది. నాలుగు చోట్ల తలా కాస్త తగ్గిస్తే మొత్తం ఎంత కుంగిపోతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

సంపాదనా నష్టం ఒక్కటే పరిహారం కాదు. వైద్యం, ప్రయాణాలు, పోషకాహారం ఖర్చులు, చికిత్స కాలంలో పోయిన మజూరీ, ముందు ముందు అవసరమయ్యే వైద్యం ఖర్చు, నొప్పికీ వేదనకూ, జీవితంలో కోల్పోయిన సుఖాలకూ విడివిడిగా ఇవ్వాలి. ఓపీలో 15 లక్షలే కోరినా, సాక్ష్యం ఉంటే అంతకు మించి ఇచ్చే అధికారం ట్రిబ్యునల్‌కు ఉందని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది, పెరిగిన మొత్తానికి కోర్టు ఫీజు కట్టాలి. అయినా సవరణ పిటిషన్ వేసుకోవడమే పద్ధతి.

శాతాన్ని 40 దాటించే ఆలోచన మానుకోండి. 40 శాతం అన్నది దివ్యాంగుల పింఛను వంటి పథకాలకు పెట్టిన హద్దు. ట్రిబ్యునల్‌కు అలాంటి గడప ఏదీ లేదు. నిజమైన 30 శాతంతో 18 లక్షలు రాగల కేసును, కొనుక్కున్న 45 శాతంతో సున్నాకు తెచ్చుకోవచ్చు.

ఎముకల డాక్టరు

వకీలు గారు చెప్పిన దానికి వైద్యం వైపు నుంచి కొంత కలుపుతాను. మేము కాలి వైకల్యాన్ని లెక్కించేటప్పుడు కీలు ఎన్ని డిగ్రీలు కదులుతోంది, కండరాల బలం ఎంత తగ్గింది, నిలబడడంలో, నడకలో నిలకడ ఎంత ఉంది అన్నవి కొలిచి, కేంద్రం నోటిఫై చేసిన మార్గదర్శకాల ప్రకారం కూడుతాము. ఆ పట్టికలో రోగి వృత్తి ఏమిటన్న గడి లేదు. గుంటలో కాళ్లు పెట్టి కూర్చునే నేతగాడికీ, కుర్చీలో కూర్చునే బ్యాంకు ఉద్యోగికీ మోకాలు ఒకే కోణం దగ్గర ఆగిపోతే మా కాగితం మీద అంకె కూడా ఒకటే పడుతుంది. కాబట్టి ధ్రువపత్రం తప్పని గానీ, తక్కువ వేశారని గానీ అనుకోకండి. అది అడిగిన ప్రశ్నకు మాత్రమే జవాబిస్తుంది.

మీకు కావలసింది వేరే ప్రశ్నకు జవాబు. ఆపరేషన్ చేసిన వైద్యుడిని సాక్షిగా పిలిపించి, మోకాలు ఎన్ని డిగ్రీల వరకు ముడుచుకుంటోందో గోనియోమీటరుతో (కీలు కోణాన్ని కొలిచే పరికరంతో) కొలిచిన అంకెను రికార్డులో చెప్పించండి. మామూలు మోకాలు 130 డిగ్రీలు దాటి ముడుచుకుంటుంది. కుర్చీలో సరిగా కూర్చోవడానికి 90 దాకా కావాలి. బాసింపట్టు వేసుకోవాలన్నా, గొంతుక్కూర్చోవాలన్నా అంతకంటే చాలా ఎక్కువ కావాలి. మీరు రాసినదాన్నిబట్టి మీ అన్నయ్యకు 90 కూడా రావడం లేదు. "ఈ కోణంతో నేల మట్టం నుంచి గుంటలోకి దిగి, గంటల తరబడి కాలితో తొక్కే పని చేయగలడా?" అని వకీలు అడిగితే వైద్యుడు తన పరిధిలోనే నిజాయితీగా జవాబు చెప్పగలడు. చాలా కేసుల్లో ఆ ఒక్క ప్రశ్న ఎవరూ అడగరు. శాతం చెప్పించి పంపేస్తారు. నేను సాక్ష్యానికి వెళ్లిన చోట్ల కూడా ఎక్కువగా అదే చూశాను.

చికిత్స చేయని వైద్యుడు, ఎక్స్‌రే ఒక్కటి చూసి రాసిచ్చిన ధ్రువపత్రాలను ట్రిబ్యునళ్లు అనుమానంగా చూస్తాయి, చూడాలి కూడా. చికిత్స చేసిన వైద్యుడు రావడానికి వెనుకాడితే కమిషన్ (ట్రిబ్యునల్ నియమించే వ్యక్తి) ద్వారా ఆసుపత్రిలోనే వాంగ్మూలం నమోదు చేయించే వీలుంది. మా సమయం సంగతి కూడా దృష్టిలో పెట్టుకుని అడిగితే చాలామంది కాదనరు.

మరో సంగతి. కీలులోకి పాకిన విరుపులో ఎముక అతుక్కున్నంత మాత్రాన కథ ముగియదు. కొన్నేళ్లకు కీలు అరిగిపోయి మోకాలి మార్పిడి అవసరం కావచ్చు, ప్లేటు తీయవలసి రావచ్చు. ఇవి మీ అన్నయ్యకు తప్పక వస్తాయని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. చికిత్స చేసిన వైద్యుడు పరీక్షించి, అవకాశం ఉందంటే ఖర్చు అంచనాను లెటర్‌హెడ్ మీద రాయించుకుని సాక్ష్యంలో చెప్పించండి. తీర్పు వచ్చాక ఆపరేషన్ ఖర్చు కోసం మళ్లీ కొత్తగా క్లెయిమ్ వేస్తామంటే కుదరదు.

మాజీ క్లెయిమ్స్ అధికారి

నేను చాలా ఏళ్లు బల్లకు అవతలి వైపు కూర్చున్నవాడిని కాబట్టి, ఫైలు మా చేతికి వచ్చినప్పుడు మేమేం చూసేవాళ్లమో చెబుతాను. వైకల్య ధ్రువపత్రం ఆఖరున చూస్తాము. మొట్టమొదట తీసేది, ప్రమాదం జరిగిన రాత్రి ఆసుపత్రి రిజిస్టరులో ఏం రాశారన్న కాగితం. తీసుకొచ్చినవాళ్లు కంగారులో "బండి జారి పడ్డాడు" అని చెప్పి ఉంటే, మూడు రోజుల తర్వాత ఎఫ్‌ఐఆర్‌లో వ్యాన్ నంబరు ఎక్కి ఉంటే, మా వాదన మొత్తం దాని మీదే నిలబెట్టేవాళ్లం. ఎఫ్‌ఐఆర్ ఆలస్యమైనంత మాత్రాన కేసు పోదు, ఆలస్యానికి నమ్మదగిన కారణం చెబితే చాలు. అయితే ఆ కారణాన్ని పీడబ్ల్యూ-1 (మీ తరఫు మొదటి సాక్షి) అఫిడవిట్‌లోనే చెప్పాలి, క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి వకీలు అడిగినప్పుడు కొత్తగా పుట్టకూడదు. మీ దగ్గర ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు, వూండ్ సర్టిఫికెట్ (గాయాల ధ్రువపత్రం), ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) రిపోర్టు, డిశ్చార్జి సమ్మరీ ఒకే కథ చెబుతున్నాయో లేదో ఈ రోజే పక్కపక్కన పెట్టి చదవండి. వ్యాన్ డ్రైవరు మీద ఛార్జిషీటు పడి ఉంటే నిర్లక్ష్యం విషయంలో మీరు సగం దారి దాటినట్టే, ఎందుకంటే ట్రిబ్యునల్‌లో క్రిమినల్ కోర్టు స్థాయి రుజువు అవసరం లేదు.

మోపెడ్‌కు లైసెన్సు ఉందా లేదా అన్నది మీరు రాయలేదు. అవతలివారు తప్పకుండా అడుగుతారు. లేకపోయినా, వెనుక నుంచి గుద్దించుకున్న మనిషికి లైసెన్సు లేదన్న ఒక్క కారణంతో ప్రమాదంలో అతని వాటా ఉందనడం చెల్లదని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది.

వకీలు గారితో ఒక విషయంలో నా అభిప్రాయం కాస్త వేరు. 50 శాతం లెక్క కాగితం మీద బాగుంటుంది గానీ, ట్రిబ్యునల్ అంతా నమ్మినా మొత్తం పెద్దదైతే కంపెనీ హైకోర్టుకు అప్పీలు వెళ్లే అవకాశం బలంగా ఉంటుంది. అప్పీలుకు 90 రోజుల గడువుంది, ఆ తర్వాత ఎన్నేళ్లో ఎవరూ చెప్పలేరు. అప్పుల వడ్డీ మీ ఇంట్లో రోజూ పెరుగుతోందని మీరే రాశారు. కాబట్టి లోక్ అదాలత్‌ను పూర్తిగా తోసిపుచ్చకండి, కానీ ఇప్పుడు వెళ్లకండి. డాక్టరు సాక్ష్యం, ఆదాయం సాక్ష్యం రికార్డులోకి ఎక్కని కేసుకు కంపెనీ 4 లక్షలు చెబుతుంది. ఆ రెండూ ఎక్కి, క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలబడ్డ కేసుకు అదే ఆఫీసు అదే మేనేజరు వేరే అంకె చెబుతాడు, అది నేను స్వయంగా సంతకం పెట్టిన వ్యవహారం. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు లేదు, సంతకం పెడితే అక్కడితో సరి. ముందుముందు మోకాలి మార్పిడి అవసరమైనా రూపాయి రాదు.

ఇంకొక్క మాట. కంపెనీ తరఫున పరిశోధకుడు మీ ఊరికి వస్తాడు, ఫోన్లో వీడియో తీస్తాడు. మీ అన్నయ్య కర్ర లేకుండా కిరాణా కొట్టుకు నడిచి వెళ్లగలిగితే కోర్టులో కూడా నడవగలనని చెప్పాలి. నడవగలగడం వేరు, మగ్గం తొక్కగలగడం వేరు. ఆ తేడాయే మీ కేసు అయినప్పుడు, నడవలేనని అబద్ధం చెప్పి దాన్ని చెడగొట్టుకోవడం ఎందుకు?

సంఘం గుమస్తా

చేనేత సహకార సంఘంలో లెక్కలు రాసి రిటైరైనవాడిని. తమ్ముడూ, కాగితం మీద ఏమీ లేదని నువ్వు రాసింది పూర్తిగా నిజం కాకపోవచ్చు. మీ అన్న పేరు మీద మగ్గానికి జియో ట్యాగ్ నంబరు (మగ్గం ఉన్న చోటును నమోదు చేసి ఇచ్చే నంబరు) ఉందా? నేతన్నకు చేయూత పొదుపు పథకంలో చేరాడా? చేరి ఉంటే అతని మజూరీలో 8 శాతం నెలనెలా ఖాతాలో కట్టి ఉండాలి, ప్రభుత్వం దానికి రెట్టింపుగా 16 శాతం జమ చేస్తుంది. నెలకు 1,200 రూపాయలు కట్టినట్టు బ్యాంకు స్టేట్‌మెంటులో ఉంటే అది 15,000 మజూరీలో 8 శాతం. కేసు గురించి ఎవరూ కలలో కూడా అనుకోని రోజుల్లో కట్టిన సొమ్ము కనుక, కేసు కోసం సృష్టించారని ఎవరూ అనలేరు. జిల్లా చేనేత జౌళి శాఖ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) కార్యాలయం నుంచి నేతగాడిగా నమోదైన వివరాలు కూడా రాతపూర్వకంగా తీసుకోండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మాస్టర్ వీవర్ ఒక వార్పుకు (పడుగుకు) ఇచ్చే మజూరీలో ఆసు పోయడం, కండెలు చుట్టడం వంటి ఇంటి ఆడవాళ్ల పని కూడా కలిసి ఉంటుంది. అవతలి వకీలు తెలివైనవాడైతే "ఈ 15 వేలలో మీ భార్య కష్టం ఎంత?" అని మీ అన్నను బోనులో అడుగుతాడు. తడబడితే ఆదాయం సగానికి కోస్తారు. మీ వదినకు అనుబంధ కార్మికురాలిగా వేరే పొదుపు ఖాతా ఉంటే, ఆమె వాటా విడిగా లెక్కలో ఉందని చూపించవచ్చు. లేకపోతే మొత్తం మజూరీ ఎంత, అందులో నేతకు ఎంత, అనుబంధ పనికి ఎంత అన్నది ముందే నిజాయితీగా విడదీసి అఫిడవిట్‌లో చెప్పడం మేలు.

స్టాండు మగ్గం మీద నేయవచ్చు కదా అని కూడా అడుగుతారు. గుంటలోకి దిగే బాధ తప్పుతుంది గానీ తొక్కే పని తప్పదు, ఆ సంగతి మగ్గం తెలిసిన సాక్షి చేత చెప్పించండి. కూర్చుని కండెలు చుట్టగలడు కదా అంటే, చుట్టగలడు. దానికి వచ్చే కూలి ఎంతో, చీర నేస్తే వచ్చేది ఎంతో అదే సాక్షి చెబుతాడు.

పడుగుపేక

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. పొదుపు పథకంలో అన్నయ్య చేరాడు, వదినకు కూడా వేరే ఖాతా ఉంది. పాస్‌బుక్కులు వెతికి తీశాము. అన్నయ్య ఖాతాలో కొన్ని నెలలు 1,200, కొన్ని నెలలు అంతకంటే తక్కువ కనిపిస్తున్నాయి. ఆసుపత్రి కాగితాల్లో "వ్యాన్ ఢీకొట్టడం వల్ల" అనే రాసి ఉంది. లైసెన్సు మాత్రం గడువు దాటిపోయింది.

మూడు సందేహాలు మిగిలాయి. మాస్టర్ వీవర్ గారు మంచివారే గానీ, కోర్టుకు వచ్చి ఇంత ఇచ్చానని చెబితే తన లెక్కలు బయటపడతాయని భయపడుతున్నారు. ఆయన్ను బలవంతం చేయడం మాకు ఇష్టం లేదు. వయసు విషయంలో బడి రికార్డును ఎలా దాఖలు చేయాలో చెప్పగలరు. మూడోది అడగడానికి ఇబ్బందిగా ఉంది. మా వకీలు గారు వచ్చిన సొమ్ములో పాతిక శాతం ఇవ్వాలంటున్నారు. ఇది మామూలేనా?

ఓపీ వకీలు

సమన్లు ఇప్పించి మాస్టర్ వీవర్‌ను రప్పించవచ్చు గానీ, భయంతో వచ్చిన సాక్షి "అప్పుడప్పుడు పని ఇచ్చేవాడిని, ఎంతో గుర్తులేదు" అని వెళ్లిపోతే మీకు మేలు కంటే కీడే ఎక్కువ. గుమస్తా గారు చెప్పిన పొదుపు ఖాతా ఉండగా ఆయన అవసరం అంతగా లేదు. ప్రమాదానికి ముందు రెండేళ్ల స్టేట్‌మెంటును బ్యాంకు ముద్రతో తీసుకోండి. చేనేత శాఖ కార్యాలయం నుంచి రికార్డుతో ఒక ఉద్యోగిని సాక్షిగా పిలిపించమని ట్రిబ్యునల్‌ను కోరుతూ పిటిషన్ వేయించండి. జమ తక్కువగా ఉన్న నెలల్ని దాచవద్దు. నేతలో పండుగలకు ముందు గిరాకీ, తర్వాత మందగమనం ఉంటాయన్నది అందరికీ తెలిసిందే. రెండేళ్ల సగటు తీసి ఆ అంకెనే ఆదాయంగా చెప్పండి. సగటు 13,500 వస్తే 13,500 అనే చెప్పండి, రుజువున్న 13,500 రుజువులేని 20,000 కంటే తీర్పులో పెద్దది. మగ్గం పని గురించి చెప్పడానికి మాత్రం అదే వీధిలో నేసే మరో నేతగాడిని సాక్షిగా పెట్టండి, అతనికి డబ్బు లెక్కలతో సంబంధం లేదు కాబట్టి భయపడడు.

వయసుకు సంబంధించి, ఆధార్ కార్డు గుర్తింపుకే గానీ పుట్టిన తేదీకి రుజువు కాదని, బడి ధ్రువపత్రంలోని తేదీకి ప్రాధాన్యం ఇవ్వాలని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక మోటారు ప్రమాదం కేసులోనే చెప్పింది. ఆధార్‌లో జనవరి 1 అని ఉండడమే అది అంచనాగా రాయించిన తేదీ అని సూచిస్తుంది. చదివిన బడి ప్రధానోపాధ్యాయుడి నుంచి అడ్మిషన్ రిజిస్టరు నకలును, టీసీని సంతకం ముద్రలతో తీసుకుని, చీఫ్ అఫిడవిట్‌తో (సాక్షి ప్రమాణపత్రంతో) పాటు ఏ-సిరీస్‌లో (మీ తరఫు దస్తావేజుల వరుసలో) గుర్తింపజేయండి. అనుమానం లేవనెత్తితే రిజిస్టరుతో ఆయననే పిలిపించవచ్చు. 15,000 ఆదాయం, 50 శాతం నష్టం మీద లెక్క వేస్తే 39 ఏళ్లకు 18,90,000, 41 ఏళ్లకు 15,75,000 వస్తాయి. అంటే ఆ ఒక్క కాగితం విలువ 3,15,000.

ఫీజు సంగతి. కేసులో వచ్చే సొమ్ములో వాటా పెట్టుకుని ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం నిషిద్ధం. జరుగుతోందా అంటే జరుగుతోంది, దానిని నేను సమర్థించను. మీరు ఆయనతో తగవు పెట్టుకోనక్కరలేదు, పనికి ఇంత అని ఒక మొత్తం మాట్లాడుకుని రాతపూర్వకంగా పెట్టుకోండి. కుదరకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేయండి. వైకల్యం ఉన్నవారికి ఉచిత న్యాయసహాయం పొందే హక్కును 1987 నాటి చట్టమే ఇచ్చింది. పరిహారం సొమ్ము అన్నయ్య బ్యాంకు ఖాతాకే జమయ్యేలా వివరాలను ఇప్పుడే ట్రిబ్యునల్‌లో దాఖలు చేయండి. వకీలు చేతికి ఖాళీ చెక్కులు గానీ, సంతకం పెట్టిన తెల్ల కాగితాలు గానీ ఇవ్వకండి.

వాయిదా సంగతి మీ వదిన గారికి ఇలా చెప్పండి. పరిహారం మీద ఓపీ వేసిన తేదీ నుంచి వడ్డీ లెక్కిస్తారు, సాధారణంగా అది 6 నుంచి 9 శాతం మధ్య ఉంటుంది. బయటి అప్పు వడ్డీకి అది సరిపోదని నాకూ తెలుసు. అందుకే మాజీ అధికారి గారు చెప్పిన పద్ధతే మీకు తగినది. ఈ లోక్ అదాలత్‌కు "డాక్టరు సాక్ష్యం పెండింగులో ఉంది" అని చెప్పి రాజీకి ఒప్పుకోకండి. డాక్టరు, నేతగాడు, శాఖ ఉద్యోగి వాంగ్మూలాలు పూర్తయ్యాక వచ్చే లోక్ అదాలత్‌లో కూర్చోండి. అప్పటికి మీరు ఏ అంకె కంటే కిందికి దిగకూడదో ఇంట్లో ముందే తేల్చుకుని వెళ్లండి. నా లెక్కలో ఆ అంకె 4 లక్షలకు మూడు రెట్ల పైనే ఉండాలి.

ఈ చర్చ చదివే ఇతరులకు ఒక గమనిక. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లో ఓపీ వేయాలి. ఆ గడువు చెల్లుబాటు మీద సుప్రీంకోర్టులో సవాళ్లు దాఖలైనా, వాటిని నమ్ముకుని ఆలస్యం చేయకండి. ప్రమాదం ఎక్కడో దూర జిల్లాలో జరిగినా అక్కడికే పోయి వేయనక్కరలేదు, గాయపడినవారు నివసించే చోటి ట్రిబ్యునల్‌లో వేయవచ్చు. ధ్రువపత్రం ఇంకా రాలేదని ఓపీ ఆపకండి, ఎముక కుదురుకున్నాక వచ్చిన ధ్రువపత్రాన్ని తర్వాత దాఖలు చేసుకోవచ్చు.